మాటలు తగ్గాయంటే మనసు విరిగినట్టేనా?

యాభై దాటిన భార్యాభర్తలు ఓపీకి కలిసే వస్తారు. ‘రాత్రి నిద్ర పడుతోందా?’ అని ఆయన్ని అడిగితే ఆయన మాట్లాడరు. ‘ఆయన గదిలో ఆయన పడుకుంటారు, నాకేం తెలుసు?’ అంటారామె. గొడవలేమీ లేవు. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, పిల్లల ఫోను... అంతకుమించి మాట లేదు. ‘ఈ వయసులో ఇంకేముంటుందిలెండి’ అని ఇద్దరూ తేల్చేసుకుంటారు.

గదులు ఎప్పుడు వేరయ్యాయని అడిగితే చాలాసార్లు గురక బయటపడుతుంది. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉక్కిరిబిక్కిరై లేస్తుంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. దానివల్ల పగలంతా మత్తు, చిరాకు. బీపీ కూడా పెరుగుతుంది. ఊపిరి ఆగడాన్ని గమనించాల్సిన మనిషేమో పక్కగదిలో ఉంటుంది! వినికిడి తగ్గడమూ అంతే. రెండుసార్లు చెప్పినా పలకకపోతే, మూడోసారి చెప్పడం మానేస్తాం.

అసలు ఎవరూ నోరు విప్పనిది పడకగది సంగతి. ఏళ్లతరబడి షుగర్ ఉన్న మగవారిలో అంగస్తంభన తగ్గడం చాలా మామూలు. సిగ్గుతో ఆయన దూరం జరుగుతారు. తానంటే ఇష్టం పోయిందని ఆమె అనుకుంటారు. నెలసరి ఆగాక యోని పొడిబారి కలయిక నొప్పిగా ఉంటే ఆమే తప్పించుకుంటారు. అప్పుడు అలా అనుకోవడం ఆయన వంతు. రెండింటికీ చికిత్స ఉంది. అంగస్తంభన సమస్య గుండె రక్తనాళాల జబ్బుకు ముందస్తు సూచన కూడా కావచ్చు. కాబట్టి దాచకూడదు. మెడికల్ షాపులో గుట్టుగా మాత్రలు కొనుక్కోకండి. ఛాతీనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవారు వాటిని వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

క్యూలో ఎనభై మంది ఉన్నప్పుడు ఇవన్నీ మేమూ అడగం. అది మా లోపమే. మీరే చెప్పాలి.

రెండు వారాలుగా దేనిమీదా ఆసక్తి లేకపోయినా, దిగులుగా ఉన్నా డిప్రెషన్ గురించి ఆలోచించాలి. థైరాయిడ్ పరీక్షా చేయించాలి. ఆసుపత్రికి రావడానికి మొహమాటమైతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ సేవ. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అన్నీ రక్తపరీక్షలో తేలవు. ఇరవై ఏళ్లనాటి అవమానానికి నా దగ్గర మాత్ర లేదు. దానికి ఇద్దరూ కౌన్సెలర్ ఎదుట కూర్చోవాల్సిందే. ఇంట్లో చెయ్యి చేసుకోవడం ఉంటే మాత్రం దాన్ని దూరం అనకండి, అది హింస. మహిళలు 181కి ఫోన్ చేయవచ్చు.

ఈసారి బీపీ చూపించుకోవడానికి ఇద్దరూ రండి. ఎవరి మాత్రల స్ట్రిప్పులు వాళ్లు తెచ్చుకోండి. ఒంటరిగా చెప్పుకోవాల్సింది ఏదైనా ఉంటే ఆ ముక్క అనండి చాలు, రెండోవారిని కాసేపు బయట కూర్చోబెడతాం.