పాతదైతే చాలునా?



పోయిన నెల ఒక సాయంత్రం మా సంఘ యువకుడొకడు మా ఇంటికి వచ్చాడు. అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కంప్యూటరు కోర్సు నేర్చుకుంటున్నాడు. ఊళ్లో తండ్రి కౌలు రైతు. అతని చేతిలో ఒక పాత కార్డు ఉంది. నీలం అంచు, మధ్యలో హాకీ ఆటగాడి బొమ్మ. మన హాకీ కాదు, మంచు మీద ఆడేది. కెనడాలో ఉన్న మేనత్త పంపిన పాత పుస్తకాలలో దొరికిందట. అక్కడి పిల్లలు బబుల్‌గమ్ పొట్లాలలో వచ్చే ఇలాంటి కార్డులను దాచుకునేవారు.

"అయ్యగారూ, ఇలాంటిదే ఒకటి కోట్లకు పోయింది. ఇది అమ్మితే ఫీజు కట్టేయవచ్చు, చెల్లి పెళ్లి బాకీ తీర్చేయవచ్చు. అందాకా నూటికి అయిదు రూపాయల వడ్డీకి తెస్తున్నాను. రేపే నోటు రాస్తాను" అన్నాడు.

ఆ మాటకు మా గుండె ఝల్లుమంది. పంజగుట్టలో నలభై ఏళ్లుగా తపాలా బిళ్లలు, నాణేలు, కార్డులు సేకరిస్తున్న పెద్దాయన ఒకరు మాకు తెలుసు. అప్పటికప్పుడే అతణ్ణి వెంటబెట్టుకొని వెళ్లాము.

పెద్దాయన భూతద్దం తీశారు. "బాబూ, ముందు ఇది ఏమిటో చూద్దాం. ఎంతో తరువాత చూద్దాం" అన్నారు. కార్డు వెనుక ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ ఉన్నాయి. అంచులు కాస్త గరుకుగా ఉన్నాయి. కెనడాలోని ఓ-పీ-చీ కంపెనీవారు కార్డులను తీగతో కోసేవారట, అందుకే అలా ఉంటాయట. "ఇది అసలైనదే. 1979-80 వరుసలోది. ఆ వరుసలో 396 కార్డులున్నాయి. కోట్లకు పోయింది 18వ నంబరు, వేన్ గ్రెట్జ్‌కీ అనే ఆటగాడి తొలి కార్డు. 2021లో 37 లక్షల 50 వేల డాలర్లు పలికింది. నీది వేరే ఆటగాడిది" అన్నారు.

తరువాత కార్డు స్థితి చూశారు. మూలలు, అంచులు, పైతలం, బొమ్మ సరిగ్గా మధ్యన ఉందా లేదా అన్నవి చూసి ఒకటి నుండి పది వరకు మార్కులు వేస్తారట. గ్రెట్జ్‌కీ కార్డుకు పదికి పది వచ్చాయి. ఈ కార్డు మూలలు గుండ్రంగా అరిగాయి, నడుమ మడత పడింది, వెనుక ఎవరో పిల్లవాడు పెన్నుతో పేరు రాసుకున్నాడు.

"నలిగినవి అసలు అమ్ముడుపోవా, తాతగారూ?" అని అడిగాడు మావాడు.

"ఎందుకు పోవు? హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు 1909-11 నాటిది. బహు కొద్దిగా మిగిలాయి. పదికి రెండు మార్కులే వచ్చిన కార్డు 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకు పోయింది. దొరకనిది నలిగినా అడుగుతారు. ఎక్కడైనా దొరికేది నలిగితే ఎవరడుగుతారు? అమ్మేవాడు ఎంత చెప్పాడో చూడకు. ఇదే కార్డుకు, ఇదే స్థితిలో, కొన్నవాడు ఎంత ఇచ్చాడో చూడు. దీనికి ఒకటి రెండు డాలర్లు వస్తే గొప్ప. కెనడాకు పంపే పోస్టు ఖర్చులు కూడా రావు."

మావాడు దారిలో చాలాసేపు మాట్లాడలేదు. అమీర్‌పేట చేరేసరికి తండ్రికి ఫోను చేసి, "నాన్నా, ఆ అప్పు తేవడం లేదు" అన్నాడు. మరునాడు మేము కూడా వెళ్లి అడిగితే, ఫీజు మూడు వాయిదాలలో కట్టడానికి ఒప్పుకున్నారు. కార్డు వెనుక ఉన్న పేరు మేనత్త పెద్దకొడుకుదేనట. ఆయన సెలవులకు వచ్చినప్పుడు ఇవ్వడానికి దాచి ఉంచాడు.

మీ ఇళ్లలో పెట్టె అడుగున కూడా నిజాం కాలపు రూపాయో, పాత నోటో ఉండవచ్చు. నాణేన్ని చింతపండుతో తోమకండి. అలా తోమితే సేకరించేవారి దృష్టిలో విలువ తగ్గుతుంది. లక్షలిస్తామని ఫోను చేసి ముందుగా ఫీజు, కమీషను, పన్ను కట్టమంటే నమ్మకండి. తన పేరు చెప్పి ఇలా మోసం చేస్తున్నారని రిజర్వు బ్యాంకే 2021లో ప్రజలను హెచ్చరించింది. ముందు తెలిసినవారికి చూపించండి. నోటు రాయడం, మాట ఇవ్వడం ఆ తరువాత.