మొదటి పది నిమిషాలు

హాస్టల్ టీవీలో సినిమా వేస్తే మనలో సగం మంది మొదట్లో కంచాలు కడుక్కుంటూనే ఉంటారు. "ఇంకా కథలోకి రాలేదులే" అంటారు. నేను ఒప్పుకోను. మాయలూ మంత్రాలూ ఉండే సినిమాకి మొదలే ప్రాణం.

మామూలు సినిమాలో ఇల్లు, బస్సు, పొలం మనకు తెలిసినవే. మాయల సినిమా అలా కాదు. ఆ లోకంలో ఏమేం జరగొచ్చో ముందే చూపించాలి. లేకపోతే మధ్యలో మనిషి గాల్లోకి లేస్తే నవ్వొస్తుంది.

కె.వి.రెడ్డి గారి 'మాయాబజార్' (1957) చూడండి. అందులో మన చుట్టుపక్కల వాళ్లే ఎక్కువ. కృష్ణుడు ఎన్.టి.రామారావు గారిది నిమ్మకూరు. అభిమన్యుడు అక్కినేని గారిది గుడివాడ దగ్గర రామాపురం. శశిరేఖ సావిత్రి గారిది కృష్ణ అవతల చిర్రావూరు. ఘటోత్కచుడు ఎస్.వి.రంగారావు గారు పుట్టింది నూజివీడులో.

అందులో మొదట్లోనే ప్రియదర్శిని అనే పెట్టె వస్తుంది. తెరిస్తే ఎవరికి ఇష్టమైనది వాళ్లకు కనపడుతుంది. రేవతికి నగలు, బలరాముడికి శిష్యుడు దుర్యోధనుడు, చిన్నారి శశిరేఖకు అభిమన్యుడు. ఒక్క పెట్టెతో రెండు పనులయ్యాయి. ఇది మాయలు జరిగే లోకమని తెలిసింది. ఎవరి మనసులో ఏముందో కూడా తెలిసింది. తర్వాత ఆ భార్యాభర్తలు కూతుర్ని దుర్యోధనుడి కొడుక్కి ఇస్తామంటే మనం ఆశ్చర్యపోము.

రాజమౌళి గారి 'బాహుబలి' (2015) మొదలు కూడా అంతే. పెద్ద జలపాతం. శివగామి నీళ్లలో మునిగిపోతూ ఒంటి చేత్తో పసిబిడ్డను పైకెత్తి పట్టుకుంటుంది. ఆమె ఎలాంటి మనిషో ఆ చెయ్యే చెప్పేసింది. ఆ బిడ్డను ఒడ్డుకు చేర్చి పెంచింది ఎవరు? కొండ కింద గూడెం వాళ్లు! అది చూస్తే నాకు గర్వంగా ఉంటుంది.

సినిమాకే కాదు, ప్రతి పాత్రకూ మొదటి దృశ్యం ఉంటుంది. ఘటోత్కచుడు మొదట ఎవరో తన అడవిలోకి జొరబడ్డారనుకుని అభిమన్యుడితో పోరాడతాడు. తనవాళ్లేనని తెలియగానే క్షమించమంటాడు. అడవిని కాచుకునేవాడు, పెద్దల మీద గౌరవం ఉన్నవాడు అని అక్కడే తెలుస్తుంది. అందుకే చివరిదాకా అతను మనవాడే.

మరి 'బాహుబలి'లో కాలకేయులో? ఒళ్లంతా నలుపు, ఎవరికీ అర్థం కాని కిలికి భాష. చూడగానే భయపడమన్నట్టు చూపించారు. వాళ్లకు పిల్లలున్నారా, ఏమంటే ఇష్టం? చెప్పరు. వాళ్ల చేతికి ప్రియదర్శిని పెట్టె ఎవరూ ఇవ్వలేదు.

శత్రువులు లేకుండా కథ ఉండదు, నిజమే. కానీ రంగును బట్టి, భాషను బట్టి చెడ్డవాళ్లని చెప్పటం తేలిక దారి. మన ఇళ్లలో లంబాడీ మాట్లాడతారు, ఎరుకల భాష మాట్లాడతారు. అవి విని నవ్వేవాళ్లను మనం చూస్తూనే ఉన్నాం. ఒక మనిషి మీద మొదట పడిన ముద్ర తొందరగా పోదు. ఆ సంగతి మనకంటే ఎవరికి తెలుసు?

కాబట్టి ఈసారి సినిమాకి ముందే వచ్చి కూర్చోండి. ఎవరిని ఎలా లోపలికి తెస్తున్నారో గమనించండి. మీకేమనిపించిందో వచ్చే సంచికకు రాయండి.

— పదవ తరగతి విద్యార్థి