తల్లికి శిక్షణ, ప్రభుత్వానికి విశ్రాంతి

వికలాంగులైన పసిపిల్లల కోసం జరిపే సమావేశాలకు 'తల్లిదండ్రుల అవగాహన సదస్సు' అని పేరు పెడతారు. తండ్రులు బ్యానరు మీద మాత్రమే వుంటారు. కుర్చీల్లో వుండేది తల్లులు, అమ్మమ్మలు, అక్కడక్కడ బడి మానేసి తమ్ముణ్ణి ఎత్తుకొచ్చిన అక్కలు. ఎప్పుడన్నా ఒక తండ్రి వస్తే వేదిక మీది పెద్దలు ఆయన్ని పేరుపెట్టి మరీ అభినందిస్తారు. పరిశోధన పనిమీద రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి సదస్సుల్లో వెనక వరసలో కూర్చుని రాసుకుంటూ వచ్చాను. చెప్పే విషయాలు దాదాపు ఒకటే. బిడ్డ కాళ్లు బిగుసుకుపోకుండా రోజుకు ఇన్నిసార్లు చాచి పట్టుకోవాలి. అన్నం పెట్టేటప్పుడు తల వెనక్కి వాలనివ్వకూడదు. చూపు కలపకపోయినా బిడ్డతో మాట్లాడుతూనే వుండాలి. టీవీ, సెల్‌ఫోన్ చూపించకూడదు. ఇందులో తప్పుడు సలహా ఏదీ లేదు. మెదడు వేగంగా ఎదిగే తొలి ఏళ్లలో ఇవన్నీ చేస్తే పిల్లలకు మేలు జరుగుతుందన్నది నిజం. నా పేచీ ఆ సలహాలతో కాదు. ఇవన్నీ చేయడానికి ఆమెకు గంటలు ఎక్కడివని వేదిక మీద ఎవరూ అడగకపోవడంతో.

ప్రభుత్వ భాషలో దీన్ని 'తల్లిదండ్రులకు చేయూత' అంటారు. దీన్ని చేయూత అనడానికి నేను ఒప్పుకోను. ఆయా పని, ఫిజియోథెరపిస్టు పని, ప్రత్యేక ఉపాధ్యాయిని పని ఒకే మనిషి చేత జీతం లేకుండా చేయించుకోవడానికి ఇచ్చే శిక్షణ ఇది. ఆ మనిషి స్త్రీ కాబట్టి, పైగా తల్లి కాబట్టి, దీన్ని పని అని పిలవాల్సిన అవసరం కూడా ఎవరికీ తోచలేదు.

నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో బీడీలు చుట్టే స్త్రీని తీసుకుందాం. కూలి వెయ్యి బీడీల లెక్కన. ఒడిలో చేట వుంటే బిడ్డకు చోటు లేదు. బిడ్డ వుంటే చేటకు చోటు లేదు. 'రోజుకో గంట వ్యాయామం' అని కాగితం మీద రాసిచ్చే డాక్టరుకు అది గంట. ఆమెకు అది చుట్టని బీడీలు, రాని కూలి. ఒకామె నాతో అన్నది: "నేర్పుడు నేర్పుతుండ్రు గని మేడమ్, గంటసేపు పిలగాన్ని పట్టుకునేటోళ్లు ఒక్కలు లేరు." ఏ సదస్సు ఎజెండాలోనూ ఈ మాటకు జవాబు లేదు.

2024లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాల వినియోగ సర్వేలో 15 నుంచి 59 ఏళ్ల స్త్రీలలో 41 శాతం ఇంట్లోవాళ్ల సంరక్షణ పని చేస్తున్నట్టు తేలింది. మగవాళ్లలో 21.4 శాతం. ఆ పని చేసినవాళ్లలో స్త్రీలు రోజుకు సగటున 140 నిమిషాలు, మగవాళ్లు 74 నిమిషాలు దానిమీద పెట్టారు. వంట, గిన్నెలు, బట్టలు, నీళ్లు ఈ లెక్కలో లేవు. అవి వేరే. ఇది అన్ని ఇళ్లనూ కలిపి తీసిన సగటు. మూర్ఛలు వచ్చే బిడ్డ పక్కన రాత్రంతా కన్నార్పకుండా కూర్చునే తల్లి, ఏడేళ్లొచ్చినా దొడ్డికి ఎత్తుకుని తీసుకెళ్లే తల్లి ఈ సగటులో కలిసిపోతారు, విడిగా కనిపించరు.

శ్రమ కనిపించదు గానీ నేరం మాత్రం ఎప్పుడూ స్పష్టంగానే కనిపిస్తుంది. పై పెదవి చీలి పుట్టిన బిడ్డ గురించి మన తెలుగులో ఏమంటాం? గ్రహణం మొర్రి. పేరులోనే నేరారోపణ వుంది. కడుపుతో వున్నప్పుడు గ్రహణం వేళ ఆమె కదిలిందట, కత్తిపీట పట్టిందట. ఇక మేనరికం సంగతి. ఆస్తి బయటికి పోకూడదని, పిల్ల కళ్లముందు వుంటుందని మేనమామకో మేనత్త కొడుక్కో కట్టబెట్టేది పెద్దలు. దగ్గర రక్తసంబంధంలో పెళ్లిళ్ల వల్ల కొన్ని జన్యు సంబంధమైన జబ్బుల అవకాశం పెరుగుతుంది. అలాంటి చాలా జబ్బుల్లో లోపం వున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా రావాలి. అయినా 'నీ కడుపులోనే వుంది లోపం' అని ఆమెనే పుట్టింటికి పంపుతారు. పంపే అత్తగారు స్వయానా ఆమె మేనత్తే అయివుంటుంది. అంటే అదే వంశం, అదే రక్తం. అయినా దోషం మాత్రం కోడలిది!

ఇదంతా పల్లెటూరి మూఢనమ్మకం అని చదువుకున్నవాళ్లు నవ్వుకోనక్కర లేదు. లియో కానర్ ఆటిజం గురించి 1943లో రాసిన తర్వాత, పిల్లలు ఇలా కావడానికి ప్రేమ లేని, గడ్డకట్టిన మనసున్న తల్లులే కారణమని చాలాకాలం అమెరికా నిపుణులు నమ్మారు. 'రిఫ్రిజిరేటర్ తల్లి' అన్న మాట అక్కడ పుట్టిందే. ఈ వాదం తప్పని, ఇది శరీర సంబంధమైన విషయమని బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే పుస్తకం రాశాడు. ఆయన తన బిడ్డను పెంచుతూ ఆ సంగతి తెలుసుకున్న తండ్రి. అయినా 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ పుస్తకం తల్లుల మీది ఆ నిందకు మరింత ప్రచారం తెచ్చింది. ఆ సిద్ధాంతాన్ని ఇప్పుడు ఎవరూ పాఠంగా చెప్పడం లేదు. దాని బదులు థెరపీ గదిలో ఒక ప్రశ్న వినిపిస్తుంది: "ఇంట్లో సరిగా చేయిస్తున్నావా అమ్మా?" బిడ్డ నడిస్తే థెరపీ గొప్ప. నడవకపోతే తల్లి అశ్రద్ధ. సేవ చేయాల్సినవాళ్లు సేవను తల్లికి అప్పగిస్తే, వైఫల్యాన్ని కూడా ఆమెకే అప్పగించడం తేలిక. శిక్షణా తరగతులతో నా అసలు తగాదా ఇదే.

చట్టం ఏమంటుందో చూద్దాం. 2016లో వచ్చి 2017 ఏప్రిల్ నుంచి అమలైన వికలాంగుల హక్కుల చట్టం, 1995 చట్టంలోని 7 రకాల వైకల్యాలను 21కి పెంచింది. అది మంచి చట్టమే, దాన్ని తక్కువ చేయను. కానీ ఆ చట్టంలో ఉచిత విద్య హక్కు 6 ఏళ్ల నుంచి 18 ఏళ్ల దాకా. విద్యాహక్కు చట్టంలో 6 నుంచి 14. డాక్టర్లందరూ 'బంగారం లాంటి ఏళ్లు' అని చెప్పే తొలి ఆరేళ్లకు ఏముంది? ఏడాదికి ఒకసారైనా పిల్లలందరినీ పరీక్షించి గుర్తించాలని చట్టం ప్రభుత్వాలకు చెప్పింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు వచ్చి చూసి వెళ్తాయి. లోపం కనిపిస్తే జిల్లా కేంద్రానికి రాసిస్తాయి. గుర్తించడం వరకు ప్రభుత్వం. ఆ తర్వాత తల్లి. ఉట్నూరు దగ్గరి గూడెం నుంచి ఆదిలాబాద్‌కు, ముంచింగిపుట్టు కొండల మీది నుంచి పాడేరుకు బిడ్డను చంకనేసుకుని పదేపదే తిరగాల్సింది ఆమె. 2011 జనాభా లెక్కల్లోనే ఆరేళ్ల లోపు వికలాంగ పిల్లలు దేశంలో 20.42 లక్షల మంది. (ఉచిత బస్సు పెట్టి ఆడవాళ్లను ఊళ్లు తిప్పుతున్నారని వెక్కిరించే మగవాళ్లకు ఒక మాట. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఈ తల్లులకు కనీసం ఆ టికెట్ డబ్బులైనా మిగులుతున్నాయి.)

ఆరోగ్యశ్రీలో చెవిటి పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ చేయిస్తున్నారు. లక్షల ఖరీదు చేసే ఆపరేషన్ పేదపిల్లలకు అందడం చిన్న విషయం కాదు. ఫోటోలు కూడా వస్తాయి. కానీ ఆ పరికరం పెట్టగానే బిడ్డ మాట్లాడడు. నెలల తరబడి విని మాటలు నేర్చుకునే శిక్షణ కావాలి. దానికి తీసుకెళ్లాలి, కూర్చోవాలి, ఇంటికొచ్చి అదంతా మళ్లీ చేయించాలి. సర్జను గంటలకు పథకంలో ఖరీదు వుంది. ఆమె నెలలకు లేదు.

అంగన్‌వాడీ వుంది కదా అంటారు. 2023 నవంబరు 28న కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ అంగన్‌వాడీల్లో వికలాంగ పిల్లల కోసం ఒక ప్రొటోకాల్ విడుదల చేసింది. పిల్లల్ని గుర్తించడం, కలుపుకోవడం, కుటుంబాలకు ధైర్యం చెప్పడం, వైద్యానికి పంపడం అన్నీ కార్యకర్త చేయాలి. సరిగ్గా రెండు వారాలకు, డిసెంబరు 12న, ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు జీతం పెంచమని సమ్మెకు దిగారు. 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్ల మీద రాష్ట్ర ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవ చేసేవాళ్లట, కానీ ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం! ఇంట్లో తల్లి పనికి ప్రేమ అని పేరు, కేంద్రంలో కార్యకర్త పనికి సేవ అని పేరు. రెండు చోట్లా కూలి ఎగ్గొట్టడానికి వాడే మాటలే ఇవి. ఈ ఇద్దరినీ ఒకరి మీదికొకరిని ఉసిగొల్పకుండా ఒకచోట కూర్చోబెట్టగలిగింది మహిళా సంఘాలే.

పింఛను గురించి కూడా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైంది, పూర్తిగా మంచాన పడ్డవాళ్లకు 15,000. తెలంగాణలో 2023లో 4,016 చేశారు. ఇవి దయతో ఇచ్చినవి కావు, వికలాంగుల పోరాటాలు రాబట్టినవి. అయితే అది బిడ్డ హక్కు. బిడ్డ మందులకు, డైపర్లకు, ఆటోలకు. బిడ్డ కోసం పని మానుకున్న మనిషి కూలికి బదులు కాదు. పైగా పింఛను రావాలంటే సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం పడాలి. రెండేళ్ల బిడ్డకు మాట రాకపోతే, మెడ నిలబడకపోతే ఎంత శాతం? ఇంకా తేల్చలేం, పెద్దయ్యాక రండి అంటారు. ఇచ్చినా తాత్కాలికమే, మళ్లీ స్లాటు, మళ్లీ క్యూ. ఖర్చు ఎక్కువగా వుండే ఏళ్లలోనే కాగితం చేతికి రాదు.

సంరక్షకులకు భత్యం అన్న మాట చట్టంలో లేకపోలేదు. 2016 చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ సహాయం అవసరమైన వికలాంగుల విషయంలో ఆ భత్యం గురించి రాశారు. అదే సెక్షన్ మొదట్లో 'ప్రభుత్వ ఆర్థిక స్తోమత మేరకు' అన్న మాట కూడా చేర్చారు. కేరళలో ఆశ్వాసకిరణం పథకం కింద సంరక్షకులకు నెలకు 600 రూపాయలుగా నిర్ణయించారు. ఆ మొత్తం చూసి సిగ్గుపడాలి. కానీ అక్కడ కనీసం ఈ పని చేస్తున్న మనిషి ఒకరున్నారని ఒక ఖాతా పుస్తకంలో నమోదైంది.

ఉద్యోగాలు చేసే తల్లుల విషయానికొస్తే, 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు హిమాచల్ ప్రదేశ్‌కు చెందిన ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ కేసులో ముఖ్యమైన మాటలు చెప్పింది. ఆమె కొడుకు ఎముకలు పెళుసుబారే జన్యు వ్యాధితో వున్నాడు. ఆమె సెలవులన్నీ అయిపోయాయి. స్త్రీలు ఉద్యోగాల్లో వుండడం ఎవరో ఇచ్చే సదుపాయం కాదని, రాజ్యాంగపరమైన హక్కని, వికలాంగ పిల్లల తల్లులకు సెలవు నిరాకరిస్తే ఆ హక్కు దెబ్బతింటుందని కోర్టు చెప్పింది. ఎంతో అవసరమైన తీర్పు. కానీ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకున్న 730 రోజుల శిశు సంరక్షణ సెలవు నిబంధనను ఒకసారి చదవండి. మగ ఉద్యోగికి ఆ సెలవు రావాలంటే అతను ఒంటరి తండ్రి అయివుండాలి. భార్య వున్నంతకాలం బిడ్డ పని ఆమెదేనని ప్రభుత్వమే రూలు రాసి పెట్టింది. ఇక సెలవు అన్న మాటే వినని కూలిపనుల్లో, ఇళ్లలో పనుల్లో వున్న వాళ్ల గురించి ఏ రూలూ లేదు.

వికలాంగ ఉద్యమంలోని మిత్రులు నాతో ఒక మాట అంటుంటారు: తల్లుల కష్టం గురించి ఇంతగా మాట్లాడితే బిడ్డ ఒక 'భారం' అన్న పాత మాటకే బలం చేకూర్చినట్టు కాదా అని. ఈ అనుమానం అర్థమవుతుంది. జిల్లా పేజీల్లో తల్లీబిడ్డల చావు వార్తకు 'వికలాంగ బిడ్డ భారం భరించలేక' అని శీర్షిక పెట్టే పత్రికలున్న చోట ఆ అనుమానం రావాల్సిందే. కానీ బరువు బిడ్డది కాదు. మూడు మెట్లెక్కాల్సిన అంగన్‌వాడీది, వారానికొక రోజే ఫిజియోథెరపిస్టు వచ్చే భవిత కేంద్రానిది, 'నీ బిడ్డను ఇంటి దగ్గరే చదివించుకో' అనే బడిది, సాయంత్రం ఇంటికొచ్చి టీ అడిగే తండ్రిది. తల్లికి ఊపిరాడితే నష్టపోయే బిడ్డ ఎవరూ లేరు. రేపు ఆ బిడ్డ పెద్దయి, ఎప్పుడూ అమ్మ చేతులే కాకుండా ఇంకొకరి చేతులూ అలవాటై, తనకు ఎవరు సాయం చేయాలో తానే చెప్పగలగాలన్నా ఇప్పటినుంచే ఆ చేతులు వుండాలి.

'దివ్యాంగులు' అనో 'విభిన్న ప్రతిభావంతులు' అనో పేర్లు మార్చి, తల్లికి 'త్యాగమూర్తి' అని శాలువా కప్పితే ఆ చేతులు రావు. వాటికి బడ్జెట్లో పద్దు కావాలి. వికలాంగ పిల్లల్ని పగలంతా చూసుకోగల, శిక్షణ పొందిన ఒక అదనపు కార్యకర్త పూర్తి జీతంతో మండలంలో కనీసం కొన్ని అంగన్‌వాడీల్లోనైనా వుండాలి. సంరక్షణ భత్యం బిడ్డ పింఛనుతో కలపకుండా, ఆ పని చేసే మనిషి పేరున విడిగా రావాలి. సర్టిఫికెట్ కోసం ఆగకుండా, డాక్టరు రాసిన కాగితం మీదే ఆరేళ్ల లోపు పిల్లలకు అన్నీ మొదలు కావాలి. శిశు సంరక్షణ సెలవు భార్య వున్న తండ్రికి కూడా ఇవ్వాలి, సదస్సుకు అతన్ని కూడా పిలవాలి, వచ్చినందుకు పొగడకూడదు. జిల్లాల్లో మన సంఘాలు గృహహింస కేసులు, రేషన్ సమస్యలు తీసుకుని కలెక్టరేట్లకు వెళ్తూనే వున్నాయి. వచ్చే బడ్జెట్ సమావేశాల లోపు ఈ తల్లులతో కలిసి ఇంకొక ప్రశ్న కూడా రాసి తీసుకెళ్లాలి: 24వ సెక్షన్ కింది సంరక్షణ భత్యానికి మన రాష్ట్రం ఈ ఏడాది ఎంత కేటాయించింది?