కోడి జాతికి గుడ్లగూబ డ్యూటీ

మన ఐటీ కంపెనీల్లో ఓ విచిత్రమైన న్యాయం నడుస్తుంటుంది. రాత్రి షిఫ్టు నవ్వుతూ చేసేవాడు కష్టజీవి. "నా వల్ల కాదండీ" అన్నవాడికి యాటిట్యూడ్ ప్రాబ్లం! ఈ ఇద్దరికీ తేడా బుద్ధిలో లేదు మహాప్రభో, ఒంట్లో ఉంది.

నేను అలారం లేకుండా తెల్లవారుజామున అయిదింటికి లేచే జాతి. రాత్రి పదయ్యేసరికి బుర్ర షట్‌డౌన్. ఇందులో నా గొప్పేం లేదు. ఒంట్లో గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి 2017లో వైద్యంలో నోబెల్ ఇచ్చారు. అది కొందరికి ముందు, కొందరికి వెనక నడవడంలో జన్యువుల పాత్రా ఉంది, వయసు పాత్రా ఉంది. ఇరవైల్లో గుడ్లగూబలా ఉన్నవాళ్ళు చాలామంది నలభైల్లో కోడి వైపు జరుగుతారు. "అప్పుడు చేశావుగా, ఇప్పుడేం రోగం?" అనే మేనేజర్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

అమెరికా పడమటి తీరంలో ఉదయం తొమ్మిదంటే మనకి వేసవిలో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. గుడ్లగూబలకి అది మంచి పనివేళ. నాబోటివాడికి పక్కెక్కే వేళ. కళ్ళు మూతలు పడుతున్నవాడి చేత అర్ధరాత్రి ప్రొడక్షన్ డేటాబేస్ మీద స్క్రిప్టులు నడిపించమని ఏ సీఎంఎంఐ లెవెల్లో రాశారు?

"అలవాటైపోతుందిలే" అంటారు. ఏళ్ళ తరబడి రాత్రి పనిచేసినా చాలామందికి ఆ గడియారం పూర్తిగా తిరగబడదు, ఇంటికెళ్ళేటప్పుడు సూర్యుడు ఎదురొస్తాడు కదా! ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సర్ విభాగం రాత్రి షిఫ్టుని "బహుశా క్యాన్సర్ కారకం" జాబితాలో 2007లో పెట్టింది, 2019లో మళ్ళీ చూసి అక్కడే ఉంచింది. దానికి రేటు కట్టి షిఫ్ట్ అలవెన్స్ అంటున్నాం.

అలాగని మా కోడి జాతిని వెనకేసుకు రావట్లేదు. బ్రాహ్మీ ముహూర్తమని క్లాసులు పీకేది మేమే. ఉదయం ఎనిమిదింటికి స్టాండప్ పెట్టి, ఆవులించినవాణ్ణి బద్ధకస్తుడనేదీ మేమే. పొద్దున్నే లేవడం సుగుణమైతే రాత్రి మేలుకోలేకపోవడం దుర్గుణమే అవుతుంది మరి. ఆ లెక్క మొదలెట్టి, మన దాకా వస్తే ఏడిస్తే ఎలా?

"అందరి గడియారాలు చూస్తూ కూర్చుంటే రోస్టర్ వేసినట్టే" అనకండి. జర్మనీలో ఓ ఫ్యాక్టరీలో కోళ్ళకి రాత్రి షిఫ్టూ, గుడ్లగూబలకి పొద్దుటి షిఫ్టూ తీసేసి చూశారు. నిద్ర మెరుగుపడిందని 2015లో పేపర్ వచ్చింది. అక్కడ యంత్రాలు ఆగలేదు, మన టికెట్లూ ఆగవు. ప్రతి టీములోనూ రెండు జాతులూ ఉంటాయి. రోస్టర్ వేసే ముందు "సెలవురోజున ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేస్తావ్?" అని ఒక్క ప్రశ్న అడగండి చాలు. జవాబుని మాత్రం అప్రైజల్ ఫారంలో ఎక్కించకండి.