పాసుపుస్తకం లేనివాడికి బెయిలు కూడా లేదా?

మొన్నటి వానాకాలంలో మా మండలంలో రైతులం యూరియా కోసం రోడ్డెక్కాం. పత్తి పూతకు వస్తోంది. సొసైటీ గోదాము ముందు తెల్లవారుజాము నుంచి చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డా బస్తా దొరకలేదు. రెండు గంటలు రాస్తారోకో చేశాం. సాయంత్రానికి పదకొండు మందిపై కేసు పెట్టారు. దారికి అడ్డం నిలిచినందుకు పెట్టే సెక్షన్ బెయిలబుల్. ఆ ఒక్కటే పెడితే స్టేషన్‌లోనే వదిలేయాలి. అందుకని ప్రభుత్వ ఉద్యోగి విధులకు అడ్డుపడి దౌర్జన్యం చేశారనే సెక్షన్ కూడా కలిపారు. అది నాన్‌బెయిలబుల్. మర్నాడు పదకొండు మందినీ రిమాండుకు పంపారు.

ఆరో రోజున కోర్టు అందరికీ బెయిలు ఇచ్చింది. ఒకటే ఉత్తర్వు, ఒకటే షరతు. ఒక్కొక్కరు పదివేల రూపాయలకు బాండు రాసి, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులను చూపించాలి. ఏడో రోజున ఎనిమిది మంది ఇంటికి వచ్చారు. ముగ్గురు రాలేదు. వాళ్లు ఆ తర్వాత ఇంకో పదిహేడు రోజులు జైల్లోనే ఉన్నారు.

ఆ ముగ్గురు చేసింది పెద్ద నేరమా? కాదు. ఎఫ్ఐఆర్ ఒకటే, సెక్షన్లు ఒకటే. తేడా ఒక్కటే. ఎనిమిది మందికి పట్టాదారు పాసుపుస్తకాలున్న అన్నదమ్ములు, పాలివాళ్లు ఉన్నారు. మిగిలిన ముగ్గురిలో ఇద్దరు కౌలు రైతులు, ఒకరు వ్యవసాయ కూలీ. కౌలు రైతుల్లో ఒకాయన భార్య మా సంఘం ఆఫీసుకు వచ్చి, "అన్నా, బెయిలు వచ్చిందన్నరు గదా, మరి మనిషేడి?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఆమె అడిగిన ప్రశ్నే ఈ వ్యాసం.

జామీను ఎవరికి దొరుకుతుంది?

కోర్టు బెయిలు ఇవ్వడం వేరు, మనిషి బయటకు రావడం వేరు. మధ్యలో జామీను ఉంది. జామీనుదారు ఆస్తి చూపాలి. పాసుపుస్తకమో, ఇంటి పన్ను రశీదుతో పాటు పంచాయతీ ఇచ్చిన విలువ పత్రమో, ఉద్యోగి అయితే జీతం స్లిప్పో తేవాలి. కొన్ని చోట్ల తహసీల్దారు ఆఫీసు నుంచి సాల్వెన్సీ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. ఆ సర్టిఫికెట్ కోసం తిరిగే రోజులన్నీ లోపల ఉన్నవాడి రోజులే.

కౌలు రైతు పదిహేనేళ్లుగా ఒకే ఊళ్లో, ఒకే చెలకలో దున్నుతున్నా కాగితం మీద అతనికి ఊరితో సంబంధం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు పత్రం పదకొండు నెలల కాగితం. అది ఆస్తి కాదు. తెలంగాణలో 2011 చట్టం కింద ఇవ్వాల్సిన రుణ అర్హత కార్డులు మూలన పడ్డాయి. బ్యాంకు అప్పు ఇవ్వకపోవడానికి, పంట నష్టపరిహారం పట్టాదారు ఖాతాలో పడటానికి ఏ కాగితం లేమి కారణమో, కౌలు రైతు జైల్లో మిగిలిపోవడానికీ అదే కారణం.

మా కౌలు రైతు బావమరిదికి పక్క జిల్లాలో రెండెకరాలుంది. జామీను ఇస్తానని బస్సెక్కి వచ్చాడు. వేరే జిల్లా ఆస్తి కుదరదన్నారు. కోర్టు గేటు బయట ఒకతను మాత్రం, "జామీనుదార్లను నేను పెడతా, మనిషికి ఇంత" అని బేరం మొదలుపెట్టాడు. అద్దె జామీన్ల ఈ వ్యాపారం కోర్టుల దగ్గర తిరిగిన ప్రతివాడికీ తెలుసు. నిందితుడి ముఖం కూడా తెలియనివాడు అతను వాయిదాకు వస్తాడని పూచీ పడతాడు. డబ్బున్నవాడికి ఆ పూచీ దొరుకుతుంది. పక్క జిల్లా బావమరిది పూచీ మాత్రం చెల్లదు.

ఆ పదిహేడు రోజుల్లో పత్తికి పైపాటు యూరియా వేసే అదను దాటిపోయింది. కలుపు మోకాలెత్తు పెరిగింది. కౌలు డబ్బు ముందే కట్టేశాడు. కోర్టు ఇంకా ఏ శిక్షా వేయలేదు, కేసు విచారణకే రాలేదు. శిక్ష మాత్రం పడిపోయింది. రేపు కేసు కొట్టేసినా ఆ పంట తిరిగి రాదు.

చట్టం ఏం చెబుతోంది?

చట్టం మనకు పూర్తిగా వ్యతిరేకంగా ఏమీ లేదు. 1977లోనే సుప్రీంకోర్టు బెయిలు ఇవ్వడం మామూలు పద్ధతి కావాలని, జైలు అరుదుగా ఉండాలని చెప్పింది. 1978లో మోతీరామ్ కేసు వచ్చింది. ఆయన మధ్యప్రదేశ్‌లో ఒక తాపీ మేస్త్రీ. పదివేలకు జామీను అడిగారు. సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ జామీనును మేజిస్ట్రేటు తిరస్కరించారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పద్ధతిని తప్పుబట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదిలేయమన్నారు. మా కౌలు రైతు బావమరిదికి ఎదురైంది అచ్చంగా అదే. మధ్యలో దాదాపు యాభై ఏళ్లు గడిచిపోయాయి.

2014లో అర్నేష్ కుమార్ కేసులో, ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అవసరం చూపకుండా అరెస్టు చేయకూడదని, ముందు నోటీసు ఇచ్చి పిలవాలని సుప్రీంకోర్టు చెప్పింది. మా మీద పెట్టిన నాన్‌బెయిలబుల్ సెక్షన్‌కు గరిష్ఠ శిక్ష రెండేళ్లు. అంటే నోటీసుతో పోయే కేసు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. బెయిలు వచ్చాక ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చెప్పాలి. నెలలోగా జామీను పెట్టలేకపోతే కోర్టే షరతులు సడలించే విషయం చూడవచ్చు. స్థానిక జామీనే కావాలని పట్టుబట్టడం వల్ల ఆలస్యం జరుగుతోంది కాబట్టి ఆ షరతు పెట్టకుండా ఉండవచ్చనీ చెప్పింది.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, గతంలో ఏ నేరానికీ శిక్ష పడని విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల ఉంటే అతన్ని విడుదల చేయాలి. వినడానికి బాగానే ఉంది. కానీ ఒకటికి మించి నేరాలు, కేసులు పెండింగులో ఉన్నవాళ్లకు అది వర్తించదని అదే సెక్షన్ చెబుతోంది. ధర్నాకో కేసు చొప్పున మన కార్యకర్తల మీద ఎన్ని కేసులున్నాయో లెక్కపెట్టుకోండి. యావజ్జీవం, మరణశిక్ష పడే నేరాలకూ అది లేదు.

ఇన్ని తీర్పులున్నా జైళ్లలో ఉన్నది ఎవరు? జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్క ప్రకారం దేశంలో 5,73,220 మంది ఖైదీలుంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. ప్రతి నలుగురిలో ముగ్గురికి నేరం ఇంకా రుజువు కాలేదు. తీర్పు సుప్రీంకోర్టులో వస్తుంది. జామీను కాగితం మాత్రం మన తాలూకా కోర్టులో అడుగుతారు. ఈ రెంటి మధ్య దూరం తగ్గించే చట్టం లేదు. 2022 జులైలో సుప్రీంకోర్టే బ్రిటన్‌లో ఉన్నట్లు బెయిలుకు ప్రత్యేక చట్టం తెచ్చే విషయం ఆలోచించమని కేంద్రానికి సూచించింది. కొత్త సంహితలు తెచ్చారు గానీ ఆ చట్టం తేలేదు.

బేడీలు చూశాం, రిమాండు చూడలేదు

2017 ఏప్రిల్‌లో మిర్చి ధర కుప్పకూలినప్పుడు ఖమ్మం మార్కెట్ యార్డులో రైతులు తిరగబడ్డారు. అరెస్టయిన పది మందిని మే నెలలో బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. రాష్ట్రమంతా భగ్గుమంది. 2024 నవంబరులో వికారాబాద్ జిల్లా లగచర్లలో భూసేకరణపై అభిప్రాయాలు తీసుకోవడానికి వచ్చిన కలెక్టరు, అధికారుల మీద దాడి చేశారన్న కేసులో పలువురు గిరిజన రైతులు జైలుకెళ్లారు. డిసెంబరులో బెయిలు వచ్చేదాకా నెలకు పైగా లోపలే ఉన్నారు. వాళ్లలో ఒకరికి ఛాతీ నొప్పి వస్తే బేడీలతోనే ఆసుపత్రికి తీసుకెళ్లారు. మళ్లీ భగ్గుమన్నాం.

బేడీల మీద కోపం న్యాయమైనదే. కానీ బేడీలు తీసేస్తే మన పని అయిపోయినట్లేనా? నేరం రుజువు కాకముందే రైతును అన్ని రోజులు లోపల ఉంచడం అవసరమా అని మనం గట్టిగా అడగలేదు.

మన తప్పులూ చెప్పుకోవాలి

మా మండలంలో ఎనిమిది మంది విడుదలైన రోజున దండలు వేశాం, ఊరేగింపు తీశాం. ముగ్గురు లోపల ఉన్నారన్న మాట ఆ సభలో ఎవరూ ఎత్తలేదు. పాసుపుస్తకాలున్న సభ్యులను జామీను అడిగితే, "పుస్తకం బ్యాంకులో ఉంది", "రేపు అతను ఊరు వదిలిపోతే నా భూమి మీదకొస్తుంది" అన్నారు. ఆ భయాన్ని తీసిపారేయలేం. పూచీ పడటమంటే తన భూమిని పణంగా పెట్టడమే అని చట్టమే చెబుతున్నప్పుడు రెండెకరాల రైతు వెనకాడడా? చివరికి మండల న్యాయ సేవల కమిటీ తరఫున ఒక లాయరు పిటిషన్ వేస్తే, సొంత పూచీకత్తు మీద ముగ్గురినీ వదిలారు. ఆ పిటిషన్ మొదటి వారమే వేయించాల్సింది. మాకు తోచలేదు.

ఇంకొక మాట. నకిలీ విత్తనాలు అమ్మినవాడికి బెయిలు వచ్చినప్పుడల్లా మనం మండిపడతాం. వాడి మీద పీడీ యాక్టు పెట్టాలని మనమే వినతిపత్రాలు ఇచ్చాం. తెలంగాణలో పీడీ యాక్టులోకి విత్తన నేరాలను చేర్చారు కూడా. ఏమైంది? విచారణ లేకుండా ఏడాది దాకా మనిషిని లోపల పెట్టగల అధికారం ప్రభుత్వం చేతికి వెళ్లింది. ఆ చట్టాన్ని ఇష్టారాజ్యంగా వాడుతున్నారని 2023లో సుప్రీంకోర్టే తెలంగాణను తప్పుబట్టింది. మొలకెత్తని విత్తనం కొన్న రైతుకు కావాల్సింది నష్టపరిహారం, లైసెన్సు రద్దు, త్వరగా విచారణ, రుజువైతే శిక్ష. వ్యాపారి మూడు నెలలు జైల్లో ఉండి వస్తే రైతు ఖాతాలో రూపాయి పడదు. పైగా ఈరోజు వ్యాపారి మీద అడిగిన కత్తి రేపు మన మీదకు రాదని హామీ ఏముంది?

అందరినీ వదిలేస్తే సాక్షులను బెదిరించేవాళ్ల సంగతేమిటని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మనిషిని కొట్టి చంపినవాడిని, ఆడపిల్ల మీద దాడి చేసినవాడిని, సాక్షుల జోలికి పోయేవాడిని ఎందుకు లోపల ఉంచాలో కోర్టు కారణాలు రాసి ఉంచవచ్చు. మనం అడిగేది ఆ నిర్ణయం ప్రమాదాన్ని బట్టి ఉండాలని, పాసుపుస్తకాన్ని బట్టి కాదని. ఎకరాలున్నవాడు బెదిరించడని ఎవరు చెప్పారు?

మనం అడగాల్సినవి

బెయిలుకు ప్రత్యేక చట్టం తేవాలి. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో సొంత పూచీకత్తే మామూలు పద్ధతి కావాలి. ఆస్తి జామీను అడిగితే ఎందుకో రాయాలి. వేరే జిల్లా ఆస్తి అన్న కారణంతో జామీనును తిరస్కరించకూడదు. ఊళ్లో ఉంటున్నాడనడానికి రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, సాగుదారు కార్డు చాలాలి. రైతు ఉద్యమాల కేసులు ఎత్తేయాలి. 479వ సెక్షన్‌లో ఒకటికి మించి కేసులున్నవాళ్లను మినహాయించిన మాట తీసేయాలి.

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోలేం. ప్రతి మండల కమిటీ ఇద్దరు కార్యకర్తలకు ఈ పని అప్పగించాలి. అరెస్టు జరిగిన రోజే నోటీసు ఇచ్చారా అని అడగాలి. అరవై ఏళ్లు దాటినవాళ్లను, అనారోగ్యంతో ఉన్నవాళ్లను మూడేళ్ల లోపు శిక్ష కేసుల్లో డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదన్న నిబంధన గుర్తుచేయాలి. బెయిలు వచ్చి ఏడు రోజులు దాటితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు మనమే దరఖాస్తు ఇవ్వాలి. అక్కడ లాయరుకు ఫీజు లేదు. కోర్టు నగదు అడిగితే, పేద ఖైదీలకు సాయం చేసే కేంద్ర పథకం 2023 నుంచి ఉంది. ఆ పథకం చూసే జిల్లా కమిటీని అడగాలి.

మా మండల కమిటీ ఒక తీర్మానం చేసింది. ఇకమీద ఏ ఉద్యమంలో అరెస్టులు జరిగినా, చివరి మనిషి బయటకు వచ్చేదాకా దండలు వేయం, ఊరేగింపు తీయం. మిగతా మండలాలు కూడా ఈ తీర్మానాన్ని చర్చించాలని కోరుతున్నాం.