ఆఫ్రికా బురద చేప మన కుంటల్లోకి వద్దు

ఈ వారం వీడియో చూసినవాళ్లకి సంగతి తెలిసే ఉంటుంది. ఒక రైతన్న ఫోన్ చేసి, "అన్నా, అక్వేరియం దుకాణంల ఆఫ్రికా చేప చూసిన. నీళ్లు లేకున్నా బతుకుతదట. మన ఫారంపాండ్ ఎండకాలం ఎండిపోతది గదా, అండ్ల వేద్దామా?" అన్నాడు. వీడియోలో టైము చాలక సగమే చెప్పాను. నా మాటైతే ఒక్కటే, వద్దు.

చేప గొప్పదే, కాదనను. లంగ్‌ఫిష్, అంటే ఊపిరితిత్తులున్న చేప. పశ్చిమ ఆఫ్రికాలో వానాకాలం మునిగి, ఎండాకాలం నెర్రెలిచ్చే పల్లపు నేలలు దాని ఇల్లు. పాములాంటి ఒళ్లు, దారాల్లాంటి రెక్కలు. పైకొచ్చి గాలి పీల్చకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. నీళ్లు ఇంకిపోతుంటే నోటితో బురద తవ్వుకుంటూ కిందికి దిగి, తోక ముఖం మీదికి మడుచుకుని పడుకుంటుంది. ఒంటి జిగురు ఎండి సంచిలా చుట్టుకుంటుంది, నోటి దగ్గర గాలికి చిన్న కన్నం. అంతే, ఇక తిండి లేదు. మళ్లీ వాన పడేదాకా నెలల తరబడి సొంత కండే కరిగించుకుంటుంది. నీళ్లలో ఉన్నప్పుడు అమ్మోనియా వదిలే ఈ చేప, మట్టిలో ఉన్నప్పుడు ఆ విషం పేరుకోకుండా దాన్ని యూరియాగా మార్చి ఒంట్లో దాచుకుంటుంది. (ఈ యూరియాకి క్యూలో నిలబడే పని లేదు!)

అక్కడి జనం ఎండిన నేల తవ్వి దాన్ని కూరకి తీసుకుంటారు. మన కొర్రమీనులాగే అదీ పొలం చేప. అద్దాల పెట్టెలో ఏడాది పొడుగునా నీళ్లు పోసి ఉంచితే మూడడుగుల దాకా పెరగొచ్చు. అప్పుడు ఇంట్లో ఉంచలేక దగ్గర్లోని చెరువులో వదిలేస్తారు. నా భయం అక్కడే. నత్తలు, కప్పలు, చిన్న చేపలు, దొరికింది తింటుంది. అద్దం శుభ్రం చేస్తుందని తెచ్చుకున్న దెయ్యం చేప మన చెరువుల్లో, కాలువల్లో చేరి జాలర్ల వలలు చింపుతోంది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ని నిషేధించినా దొంగచాటుగా పెంచుతూనే ఉన్నారు. ఇవి చాలవా?

"ఒకప్పుడు మన దగ్గరా ఉండేదట కదా" అని ఇంకొకరు అన్నారు. నిజమే, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా మాలేరి ఎర్రమట్టి పొరల్లో దీని దూరపు చుట్టాల పళ్ల శిలాజాలు దొరికాయి. కానీ అది 20 కోట్ల ఏళ్ల కిందటి మాట! అప్పటి చుట్టరికం చెప్పి ఇప్పుడు తెచ్చుకుంటామంటే ఎలా?

గాలి పీల్చే చేపలు మనకి లేవా? కొర్రమీను, మార్పు చేప, ఇంగిలాయి. నీళ్లు తగ్గితే తడి బురదలో కొన్నాళ్లు నెట్టుకొస్తాయి. తెలంగాణ రాష్ట్ర చేప కూడా కొర్రమీనే. వరి మడిలో గుళికలు, కలుపు మందు చల్లీ చల్లీ మనమే వాటిని తరిమేశాం. కుంట అడుగున ప్లాస్టిక్ షీటు పరిస్తే ఇక బురదెక్కడ? ఆఫ్రికా చేప వేసినా అక్కడ దాక్కోడానికి చోటుండదు.

రైతన్నకి నేను చెప్పింది ఇది. కుంటలో ఒక మూల ఇంకో నాలుగడుగులు లోతు చెయ్యి, అక్కడ షీటు వెయ్యకు. పూడిక మొత్తం గీకెయ్యకు. కాలువ నుంచి నీళ్లొచ్చే దారి మూయకు. సరే అన్నాడు. తొలకరి పడ్డాక కెమెరా పట్టుకుని వెళ్తాను. కొర్రమీను కనపడినా, కనపడకపోయినా వీడియో పెడతా.