ఎప్పుడు మొదలైంది?



గత నెల ఆల్‌నైట్ ప్రార్థనలో మా సంఘ సహోదరి ఒకామె గుండె దడదడలాడుతోందని చెప్పింది. చుట్టూ చేరి ప్రార్థించాము, నిమ్మరసం ఇచ్చాము, చాపమీద పడుకోబెట్టాము. ఆసుపత్రికి మాత్రం తెల్లవారిన తరువాతనే తీసుకువెళ్లాము. అది మా తప్పే, ఒప్పుకొనుచున్నాము.

ఈ.సి.జి. చూచి డాక్టరుగారు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. గుండె పైగదులు సరిగా ముడుచుకొనక ఊరకే వణకుతాయి. నాడి లెక్క తప్పుతుంది. ఆయన పదే పదే అడిగింది ఒక్కటే: ఎప్పుడు మొదలైంది?

సంగతంతా ఆ ప్రశ్నలోనే ఉంది. వణికే గదిలో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. లయ తిరిగి వచ్చినప్పుడు ఆ గడ్డ కదిలి మెదడుకు పోతే పక్షవాతమే. 48 గంటలు దాటినా, మొదలైన వేళ తెలియకున్నా, ముందు 3 వారాలు రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తారు. లేదా గొంతులోనుండి గొట్టం దింపి ఎకో తీసి, గడ్డ లేదని చూచుకొంటారు. ఐరోపా వైద్యులు 2024 నుండి ఆ గడువును 24 గంటలకే తగ్గించారు. మాకు వేళ తెలుసు. రెండవ పాట పాడుచుండగా, రాత్రి పదిన్నరకు.

అమియోడరోన్ అనే మందు నరంలోకి ఎక్కించారు. అది నెమ్మదిగా పనిచేస్తుంది. సాయంత్రానికి లయ కుదిరింది. ఫ్లెకైనైడ్ వంటివి ఇంకా త్వరగా పనిచేస్తాయి గాని, గుండెపోటు వచ్చినవారికి అవి ప్రమాదం. చాలామందికి ఒకటి రెండు రోజులలో దానంతట అదే సర్దుకొంటుంది కూడా. కాబట్టి ప్రార్థన ఎంత, మందు ఎంత అని మమ్మును అడగవద్దు.

ఈ మందుల పుట్టుక వింతైనది. తన గుండెదడను క్వినైనుతో తానే ఆపుకొనే ఒక వర్తకుని గూర్చి వెంకెబాక్ అనే డచ్చి వైద్యుడు 1914లో వ్రాశాడు. మన మలేరియా చేదుమందే!

ఆదివారం సాక్ష్యమిచ్చిన తరువాత ఆమె మెల్లగా అడిగింది: "అయ్యగారూ, స్వస్థత వచ్చింది కదా, ఇంకా మాత్రలు మింగితే అవిశ్వాసం కాదా?"

రక్తం పలుచబరచే ఆ మాత్రలు కనీసం 4 వారాలు మానరాదని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. లయ కుదిరినా పైగదులు కొన్నాళ్లు మందకొడిగానే ఉంటాయి, గడ్డ అప్పుడే కట్టవచ్చు. హిజ్కియాను బాగుచేస్తానని దేవుడు మాట ఇచ్చిన తరువాతనే గదా, యెషయా అతని పుండుకు అంజూరపు ముద్ద పెట్టించింది!

బుధవారం పరామర్శకు వెళితే మాత్రల అట్ట ఆమె బైబిలులోనే ఉన్నది. లెక్కపెట్టి చూశాము, సరిపోయాయి. ఇకనుండి మా ఆల్‌నైట్ ప్రార్థనకు గుడి వాకిట ఒక ఆటో ఉంటుంది.